‘సింగపూర్ మెమోరియల్’ అని ఉంటే ఆ మనిషి ఏమైనట్టు? 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ సార్జెంట్ గురించి వెతుకులాట

సీతాఫల్‌మండి:

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌తో ఏదో ఒక రకంగా ముడిపడి, రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన బాంబర్ విమాన సిబ్బంది జాబితా ఒకటి తయారుచేస్తున్నాం. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ‘హైదరాబాద్’ అని కొడితే పేర్లు కుప్పలుగా వచ్చాయి. అందులో ఎవరు ఈ ఊరివాళ్లో, ఎవరికి ఈ ఊరితో సంబంధమే లేదో తేల్చుకోలేకపోతున్నాం.

ఒక పేరు దగ్గరైతే పూర్తిగా ఆగిపోయాం. చేతిలో ఉన్నవి ఇవీ: ర్యాంకు సార్జెంట్, పని వైర్‌లెస్ ఆపరేటర్ / ఎయిర్ గన్నర్, ఏడంకెల సర్వీస్ నంబర్, 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్, చనిపోయిన తేదీ 1944 మొదటి నెలల్లో, సమాధి లేదు, సింగపూర్ మెమోరియల్ మీద కాలమ్ నంబర్ ఒకటి. సింగపూర్‌లో చనిపోయాడనుకోవాలా? ఏ విమానం, ఎక్కడ పడింది, పక్కన ఎవరున్నారు, శత్రువుకు చిక్కి ఉండొచ్చా? ఇవి ఏ కాగితాల్లో దొరుకుతాయి? లింకన్‌లోని ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ వాళ్ల డేటాబేస్‌లో వెతికితే ఆ పేరే లేదు. రికార్డులో తప్పుందేమోనని అనుమానంగా ఉంది. లండన్ వెళ్లే వీలు లేదు, ఇక్కడ కూర్చునే చేయగలిగింది చెప్పండి.

పాతకాగితం:

ముందు ఆ కుప్పను మూడు పోగులు చేయండి. అది చేయకుండా ఒక్క పేరు మీద కూడా టైమ్ పెట్టొద్దు.

మొదటి పోగు, స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉన్నవాళ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో 110 స్క్వాడ్రన్‌కు తొలి విమానాలు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో వచ్చాయి. ఆ పేరు అలా ఉండిపోయింది, స్క్వాడ్రన్ చిహ్నంలోని పులి కూడా ఇక్కడిదే. అందులో పనిచేసిన కుర్రాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్, స్కాట్లండ్ వాళ్లు. హైదరాబాద్ మొహం చూడనివాళ్లే ఎక్కువ. 152 (హైదరాబాద్), 253 (హైదరాబాద్ స్టేట్) అని ఇంకో రెండు స్క్వాడ్రన్లున్నాయి, అవి స్పిట్‌ఫైర్, హరికేన్ నడిపిన ఫైటర్ దళాలు. మీది బాంబర్ జాబితా కాబట్టి వాటిని పక్కన పెట్టేయండి.

రెండో పోగు, సింధ్ హైదరాబాద్. 1947కు ముందు అదీ ఇండియాలోనే ఉంది, స్పెల్లింగ్ కూడా ఒకటే. ‘హైదరాబాద్, ఇండియా’ అని మాత్రమే రాసి ఉంటే అది ఏ హైదరాబాదో ఆ ముక్కను బట్టి తేలదు. పక్కన ‘దక్కన్’ అనో ‘సింధ్’ అనో ఉంటే సరే. లేకపోతే తండ్రి పేరు, ఇంటిపేరు, చేరిన కేంద్రం చూసి నిర్ణయించాలి. తేలకపోతే ‘తేలలేదు’ అనే రాయండి, లాక్కొచ్చి మన ఖాతాలో వేయొద్దు.

మూడోది నిజంగా ఈ ప్రాంతానికి సంబంధించిన పోగు. దీనికోసం ‘హైదరాబాద్’ ఒక్క మాట సరిపోదు. ‘అదనపు సమాచారం’ అనే గడిలో సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి, బేగంపేట అని విడివిడిగా వెతకండి. తిరుమలగిరిని అప్పటివాళ్లు రాసిన తీరు వేరు, ‘ట్రిముల్‌ఘెర్రీ’ అని పలికేలా రాశారు. నిజాం రాజ్యం కాబట్టి ఔరంగాబాద్, రాయచూర్, గుల్బర్గా వాళ్లకూ ‘హైదరాబాద్ స్టేట్’ అని పడి ఉండొచ్చు. ఇంకో మెలిక ఉంది. ఆ గడిలోని ‘ఫలానా ఊరు’ పుట్టిన ఊరు కాదు. యుద్ధం అయ్యాక కమిషన్ పంపిన ఫారంలో తల్లిదండ్రులో భార్యో రాసిచ్చిన అప్పటి చిరునామా అది. కొడుకు లాంకషైర్‌లో పుట్టి ఉండొచ్చు, తండ్రి సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉద్యోగం చేస్తూ ఉండొచ్చు.

తెలుగు పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. గుమాస్తా చివరి మాటనే సర్‌నేమ్‌గా తీసుకున్నాడు. అందుకే అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరమై ముందు కూర్చుంటుంది, రావు, రెడ్డి, నాయుడు, మూర్తి అన్నవి సర్‌నేమ్ గడిలోకి వెళ్తాయి. రావుకు రెండు స్పెల్లింగులు, మూర్తికి కనీసం నాలుగు. భారత వైమానిక దళం ఆఫీసర్ల నంబర్లు ‘ఐఎన్‌డీ/’ అని మొదలవుతాయి, కాబట్టి పేరుతో కాకుండా ఆ నంబర్‌తో పట్టుకోవడమే నయం. మన దళంలో 7, 8 స్క్వాడ్రన్లు వెంజెన్స్ డైవ్ బాంబర్లు నడిపాయి. మీ జాబితాకు పనికొచ్చే పేర్లు అక్కడా ఉంటాయి, వదలకండి.

ఫారం541:

మీ సార్జెంట్ రికార్డులో తప్పేమీ లేదు. లింకన్ డేటాబేస్ బాంబర్ కమాండ్‌కు మాత్రమే. ఇంగ్లండ్ నుంచి జర్మనీ వైపు ఎగిరిన ఆ కమాండ్‌లో చనిపోయిన 55,573 మంది దాని కేంద్రం. 110 స్క్వాడ్రన్ 1942లో ఇండియాకు వచ్చేసింది, అప్పటి నుంచి అది బాంబర్ కమాండ్ లెక్కలో లేదు. ఇండియా, బర్మా రంగంలో పనిచేసిన 99, 159, 215, 355, 356 స్క్వాడ్రన్ల లిబరేటర్ (పెద్ద బాంబర్) సిబ్బందికీ ఇదే వర్తిస్తుంది.

స్మారకం పేరు చెప్పేది మనిషి పోయిన చోటు కాదు, పనిచేసిన రంగం. సమాధి తెలియని వైమానికుల్లో ఇంగ్లండ్, వాయవ్య యూరప్ స్థావరాల నుంచి వెళ్లినవాళ్లు రన్నీమీడ్ మీద ఉంటారు. మధ్యధరా మీద పోయినవాళ్లు మాల్టా మీద, ఈజిప్టు, లిబియా వైపువాళ్లు అలమేన్ మీద. దక్షిణ, తూర్పు ఆసియా అంతటా, చుట్టూ సముద్రాల మీద పోయినవాళ్లు సింగపూర్‌లో క్రాంజీ శ్మశానంలోని ఈ మెమోరియల్ మీద. 110 స్క్వాడ్రన్‌నే తీసుకోండి. 1939–41లో బ్లెన్‌హైమ్ బాంబర్లతో ఇంగ్లండ్‌లోని వాటిషామ్ నుంచి ఎగిరినవాళ్లు రన్నీమీడ్‌లో కనిపిస్తారు, 1941లో మాల్టాకు పంపినవాళ్లు మాల్టాలో, 1942 తర్వాతవాళ్లు సింగపూర్‌లో. కాలమ్ నంబర్ విమానాన్ని బట్టి వేసింది కాదు. ఆ రాతి మీద పక్కపక్కన ఉన్న పేర్లు ఒకే విమానంలోవాళ్లు అనుకుంటే దారి తప్పుతారు.

ఇక అసలు పని. మనిషిని కాదు, విమానాన్ని వెతకండి. విమానం దొరికితే పక్క సీటువాడు, దారి, టైమ్, చూసినవాళ్లు అందరూ దాని వెంటే వస్తారు.

వార్ గ్రేవ్స్ సైట్‌లో పేరు పెట్టకుండా చనిపోయిన తేదీ మాత్రమే పెట్టండి, ముందు రోజు, తర్వాతి రోజు కూడా కలిపి. దళం గడిని ఖాళీగా వదలండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ‘రాయల్ ఎయిర్‌ఫోర్స్’ అని ఎంచుకుంటే వాలంటీర్ రిజర్వ్‌వాళ్లు, ఆస్ట్రేలియన్లు, కెనడియన్లు, న్యూజిలాండ్‌వాళ్లు జారిపోతారు. ఒకే విమానంలో ఇద్దరిది రెండు దళాలు కావడం మామూలే. వచ్చిన ఫలితాలను స్ప్రెడ్‌షీట్‌గా దించుకుని, స్క్వాడ్రన్ గడిలో 110 ఉన్నవీ, ఆ గడి ఖాళీగా ఉండి సింగపూర్ మెమోరియల్ ఉన్నవీ విడదీయండి. మీ తేదీకి 110 నడిపింది వెంజెన్స్ డైవ్ బాంబర్లే. వాటిలో ఉండేది ఇద్దరే, ముందు పైలట్, వెనక సీట్లో మీ సార్జెంట్ లాంటివాడు. కాబట్టి అదే తేదీకి ఇంకొక్క పేరు దొరికితే చాలు. (బ్లెన్‌హైమ్‌లో ముగ్గురు, లాంకాస్టర్‌లో ఏడుగురు, లిబరేటర్‌లో సాధారణంగా ఎనిమిది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ.) అదే తేదీకి ఇంకెవరూ లేకపోతే అదీ సమాచారమే. పైలట్ బతికి బయటపడి ఉండాలి, లేదా గాయాలతో కొన్నాళ్ల తర్వాత పోయి ఉండాలి. అప్పుడు తర్వాతి రెండు మూడు వారాలు కూడా చూడండి.

తర్వాత స్క్వాడ్రన్ దినచర్య, అంటే ఆపరేషన్స్ రికార్డ్ బుక్. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరస. స్కాన్‌లు సైట్ నుంచే దించుకోవచ్చు, ఖాతా తెరిచి లాగిన్ అవ్వాలి. కాటలాగులో నెలకు రెండు ఎంట్రీలు కనిపిస్తాయి. ‘సమ్మరీ ఆఫ్ ఈవెంట్స్’ అన్నది ఫారం 540, ‘రికార్డ్స్ ఆఫ్ ఈవెంట్స్’ అన్నది ఫారం 541. రెండూ తీయాలి, ఒకటి తీసి ఆగిపోతే సగం కథే చేతికొస్తుంది. 540లో రోజువారీ సంగతులు, వాతావరణం, ఎవరు వచ్చారు ఎవరు పోయారు. 541లో గడులు: తేదీ, విమానం రకం, నంబర్, సిబ్బంది, పని, బయల్దేరిన టైమ్, దిగిన టైమ్, వివరాలు. ఆ రోజు పేజీలో బయల్దేరిన టైమ్ అందరికీ ఒకటే వరసలో కనిపిస్తుంది. దిగిన టైమ్ గడి ఒక్క వరసలో ఖాళీగా ఉంటుంది, లేదా చిన్న గీత ఉంటుంది. మీరు వెతుకుతున్నది ఆ వరస.

కానీ ఆ వరస ఎదురుగా రెండు మాటలే ఉంటాయి, ‘తిరిగి రాలేదు’ అని. కాబట్టి పైవీ కిందివీ చదవండి. వెంజెన్స్‌లు ఆరేసి కలిసి వెళ్లి, లక్ష్యం మీద ఒకదాని వెనక ఒకటి దాదాపు నిట్టనిలువుగా దూకేవి. అంటే చూసిన కళ్లు చాలా ఉంటాయి. మీ విమానం డైవ్‌లోంచి లేవకపోవడమో, రెక్క ఊడటమో, పొగ కక్కుతూ తూర్పుకు తిరగడమో పక్కవాడి వివరాల గడిలో రాసి ఉండే అవకాశం ఎక్కువ. పారాచూట్లు కనిపించాయా అన్నది కూడా అక్కడే వెతకండి. అదే రోజు అదే లక్ష్యానికి వేరే స్క్వాడ్రన్ వెళ్లి ఉంటే దాని 541 కూడా తీయాలి. మన 7వ స్క్వాడ్రన్, రాయల్ ఎయిర్‌ఫోర్స్ (ఆర్‌ఏఎఫ్) 84వ స్క్వాడ్రన్ కూడా 1944లో ఆ రంగంలో వెంజెన్స్‌లు నడిపినవే.

తరచూ ఎదురయ్యే చిక్కులు కూడా చెప్తాను. కొన్ని నెలల్లో టైపిస్టు పైలట్ పేరు రాసి ‘అతని సిబ్బంది’ అని వదిలేశాడు. అలాంటప్పుడు వెనకటి పది పదిహేను రోజుల పేజీల్లో ఆ పైలట్‌తో ఎవరు ఎగిరారో చూసుకోవాలి. ఇద్దరూ జంటగా కుదిరి ఉంటే పదేపదే అదే పేరు వస్తుంది. కానీ అది ఊహే, రుజువు కాదు, అలాగని రాయాలి. విమానం నంబర్ రెండక్షరాలు, మూడంకెలు. కార్బన్ కాపీలో 3, 8 కలిసిపోతాయి, కాబట్టి అంతకుముందు వారంలో అదే విమానం ఇంకెక్కడైనా స్పష్టంగా పడిందేమో పోల్చండి. ఒంటి అక్షరం మాత్రమే ఉంటే అది స్క్వాడ్రన్ లోపల పిలుచుకునే గుర్తు. ఒక విమానం పోతే అదే అక్షరం ఇంకోదానికి ఇస్తారు, దాని మీద ఆధారపడొద్దు.

టైమ్ విషయం: 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా మన గడియారాలు గంట ముందుకు జరిపి ఉన్నాయి, అంటే గ్రీనిచ్ కన్నా ఆరున్నర గంటలు ముందు. స్క్వాడ్రన్ కాగితంలో స్థానిక కాలం, పైస్థాయి నివేదికలో గ్రీనిచ్ కాలం ఉంటే ఒకే సంఘటన రెండుగా కనిపిస్తుంది. సూర్యోదయం టైమ్‌తో పోల్చితే ఏది ఏదో తేలిపోతుంది.

విమానం నంబర్ తెలిశాక ఫారం 78, అంటే ఆ విమానం చేతులు మారిన చరిత్ర కార్డు. అందులో ‘స్ట్రక్ ఆఫ్ చార్జ్’ తేదీని కూలిన తేదీగా తీసుకోవద్దు. అది లెక్కల్లోంచి కొట్టేసిన తేదీ, ఇండియాలో నెలాఖరుకు ఒక్కసారే కొట్టేసిన సందర్భాలున్నాయి. ‘ఎఫ్‌బీ’ అంటే యుద్ధంలో, ‘ఎఫ్‌ఏ’ అంటే ప్రమాదంలో పోయింది. ‘ఎఫ్‌ఏ’ అయితే లండన్ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఫారం 1180 అనే ప్రమాద కార్డు కోసం రాయాలి. కారణం అందులో నాలుగు ముక్కల్లో ఉంటుంది.

చివరిగా ఎయిర్ 81. ఇవి గల్లంతైనవాళ్ల మీద ఎయిర్ మినిస్ట్రీ క్యాజువాల్టీ బ్రాంచ్ నడిపిన ఫైళ్లు. ఉత్తరాలు, సాక్ష్యాలు, ఇంజిన్, మెషిన్‌గన్ నంబర్లు అన్నీ వీటిలోనే. 1939 సెప్టెంబర్ నుంచి తేదీల వరసలో కొద్దికొద్దిగా తెరుస్తూ వస్తున్నారు. మీ తేదీ కాటలాగులో కనిపించకపోతే ఫైలు లేదని కాదు, వంతు రాలేదని.

సీతాఫల్‌మండి:

పాతకాగితం గారూ, ఫారం541 గారూ, చాలా థాంక్స్. తేదీతో వెతికితే 110 స్క్వాడ్రన్‌దే ఇంకో పేరు పడింది, రాయల్ ఆస్ట్రేలియన్ ఎయిర్‌ఫోర్స్, ఫ్లైట్ సార్జెంట్, పైలట్. అతనిదీ సింగపూర్ మెమోరియలే. ఇద్దరికీ సమాధి లేదంటే శవాలు దొరకలేదనేగా? ఖైదీలయ్యారా లేదా అన్నది ఎలా తెలుస్తుంది?

పాతకాగితం:

ఆస్ట్రేలియన్ దొరకడం మీ అదృష్టం. నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఏ705 వరస క్యాజువాల్టీ ఫైళ్లు ఉంటాయి, చాలావరకు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. వాళ్ల సైట్‌లో రికార్డ్ సెర్చ్‌లో ఇంటిపేరు, వరస నంబర్ కొట్టండి. ఫైలు పేరులోనే విమానం నంబర్, తేదీ, చోటు కనబడతాయి. బ్రిటిష్ ఫైలు ఇంకా తెరవకపోయినా, అదే విమానం గురించి స్క్వాడ్రన్ పంపిన నివేదిక నకలు ఇందులో ఉండొచ్చు. మీ సార్జెంట్ పేరూ అందులోనే దొరుకుతుంది. ఏ9301 వరస అతని సర్వీసు రికార్డు. సిబ్బందిలో కెనడియన్ ఉంటే లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో చనిపోయినవాళ్ల పూర్తి సర్వీసు ఫైళ్లున్నాయి. అమెరికన్ విమానాలకు మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్టులు 1943 నుంచి ఉన్నాయి. అందుకే సిబ్బందిలో పరాయి దేశంవాడు ఒకడున్నాడా అన్నది ముందు చూసుకోవాలి.

కోఠి_మ్యాపులు:

‘సమాధి లేదు’ అంటే శవం దొరకలేదని మాత్రమే అర్థం కాదు. మూడు సంగతుల్లో ఏదైనా కావచ్చు: అసలు ఎవరికీ దొరకలేదు; దొరికితే పాతిపెట్టారు గానీ తర్వాత ఆ గుంట మళ్లీ కనిపించలేదు; లేక దొరికి శ్మశానానికి చేరింది గానీ పేరు తేలలేదు. మూడో రకమైతే రాయి మీద ‘ఒక వైమానికుడు’ అని ఉంటుంది, పేరు మాత్రం సింగపూర్‌లో ఉంటుంది.

పేరు తేలకపోవడానికి ఒక కారణం ఆ గుర్తింపు బిళ్లలు. బ్రిటిష్‌వాళ్లవి అదిమి చేసిన ఫైబర్‌వి. ఒకటి ఎర్రగా గుండ్రంగా, ఒకటి పచ్చగా ఎనిమిది మూలలతో. మంటల్లో కాలిపోతాయి, బర్మా పడమటి తీరం అరకాన్ వానల్లో నేలలో నానిపోతాయి. అందుకే యుద్ధం తర్వాత వెతికిన మిస్సింగ్ రిసెర్చ్ అండ్ ఎంక్వయిరీ సర్వీస్ బట్టల మీద చాకలి గుర్తులు, కాలర్ సైజు, బూటు సైజు, ఇంజిన్ మీద ప్లేటు, బ్రౌనింగ్ గన్‌ల నంబర్లు పట్టుకుని తేల్చేవాళ్లు. ఏ705లో వాళ్ల నివేదిక కాపీ ఉంటే ముందు అదే చదవండి, ఆఖరి పేజీల్లో ఉంటుంది.

శ్మశానాల సంగతి. రంగూన్ బయట తౌక్యాన్ వార్ సెమెటరీ 1951లో మొదలైంది. అక్యాబ్, మాండలే, మెయిక్టీలా, సామావ్‌లలో చేరుకోవడం కష్టమైన నాలుగు యుద్ధ శ్మశానాల నుంచి సమాధులను అక్కడికి తెచ్చారు. కాబట్టి తౌక్యాన్‌లో ఉన్నాడంటే రంగూన్ దగ్గర కూలాడని కాదు. ఎక్కడి నుంచి తెచ్చారో వార్ గ్రేవ్స్ సైట్‌లో ఆ పేరు పేజీ అడుగున ఉన్న స్కాన్‌లలో ఉంటుంది. ‘కాన్‌సెంట్రేషన్ రిపోర్ట్’, అంటే సమాధులను ఒకచోటికి చేర్చినప్పటి కాగితం, తెరవండి. మొదట పాతిన చోటు మ్యాప్ రెఫరెన్స్, ఏ గుర్తుతో పేరు తేల్చారన్నది వేర్వేరు గడుల్లో ఉంటాయి. మీ ఇద్దరి పేర్లకు ఈ కాగితం ఉండదు. అయితే కూలిన ప్రాంతం తెలిశాక ఆ ప్రాంతం నుంచి తెచ్చిన ‘పేరు తెలియని వైమానికుడు’ ఎవరైనా ఉన్నాడా అని చూడటానికి ఇదే దారి.

మ్యాప్ రెఫరెన్స్‌ను గూగుల్‌లో కొడితే ఏమీ రాదు. సర్వే ఆఫ్ ఇండియా షీట్ పద్ధతి ముందు అర్థం చేసుకోవాలి. ఒక అంకె నాలుగు డిగ్రీల చదరం, దానిలో ఏ నుంచి పీ దాకా పదహారు అక్షరాలు, ఒక్కోటి ఒక డిగ్రీ. అక్షరాలు వాయవ్య మూల నుంచి కిందికి దిగుతాయి: మొదటి నిలువు వరస ఏ, బీ, సీ, డీ, దాని పక్కన ఈ, ఎఫ్, జీ, హెచ్. మన హైదరాబాద్ 56 కే. అలాగే అక్యాబ్ 84 డీ, ఇంఫాల్ 83 హెచ్. షీట్ తెలిశాక రెండక్షరాలు, నాలుగో ఆరో అంకెలు వస్తాయి. అది సైనిక గ్రిడ్, అక్షాంశ రేఖాంశాలు కాదు. ఇండియా గ్రిడ్ గజాల్లో ఉంటుంది. నాలుగంకెలైతే వెయ్యి గజాల చదరం, ఆరైతే వంద గజాలు. మొదటి సగం తూర్పుకు, రెండో సగం ఉత్తరానికి. తిరగేస్తే ఇంకో కొండ మీద పడతారు. అప్పటి పావు అంగుళం మ్యాపులు, అంటే అంగుళానికి నాలుగు మైళ్లవి, స్కాన్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటి మీద చేత్తో గుర్తుపెట్టి, ఏటి వంపో ఊరి పేరో చూసి, తర్వాతే ఇప్పటి మ్యాప్ మీదికి మార్చండి. అక్యాబ్ ఇప్పుడు సిట్వే, ప్రోమ్ ఇప్పుడు ప్యే, పెగూ ఇప్పుడు బగో, మౌల్మీన్ ఇప్పుడు మావ్లమ్యైన్. పల్లెల పేర్లు స్పెల్లింగ్‌లో గుర్తుపట్టనంతగా మారాయి. శబ్దం పట్టుకుని కాదు, ఏటి పక్కన ఎన్ని మైళ్లలో ఉందో చూసి పోల్చండి.

బొల్లారం_రికార్డు:

ఖైదీల సంగతికి వస్తా. బర్మా మీద పట్టుబడ్డ వైమానికులను రంగూన్ సెంట్రల్ జైల్లో మామూలు యుద్ధఖైదీల నుంచి విడిగా, కొట్లలో పెట్టారు. వాళ్లను నేరస్థులుగా చూశారు. దీనివల్ల వెతికేవాళ్లకు వచ్చే చిక్కేమిటంటే, మామూలు జాబితాల్లో పేరు లేనంత మాత్రాన పట్టుబడలేదని చెప్పలేం.

చూడాల్సినవి రెండు, రెండూ బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని వార్ ఆఫీస్ (డబ్ల్యూఓ) వరసలు. డబ్ల్యూఓ 345, జపాన్‌వాళ్లు ఖైదీలకు రాసిన కార్డులు. పేరు ఇంగ్లీషులో, మిగతాది జపనీస్‌లో. కార్డు మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఏటవాలు గీతలు రెండుంటే ఆ ఖైదీ చనిపోయాడని. డబ్ల్యూఓ 344, విడుదలైనవాళ్లు 1945లో నింపిన ప్రశ్నావళి. మీ సార్జెంట్‌ది ఉండదు గాని, అదే స్క్వాడ్రన్ నుంచి బతికొచ్చినవాళ్లది ఉంటే తెరవాలి. కొట్లో ఎవరు పక్కన ఉన్నారు, ఎవరు ఎప్పుడు పోయారు అన్నది వాళ్లు రాసి ఉండొచ్చు. జైల్లో పోయినవాళ్ల సమాధులను రంగూన్ వార్ సెమెటరీకి మార్చారు. తౌక్యాన్ వేరు, ఇది వేరు, కలపకండి.

ఈ జైలుకూ మీ స్క్వాడ్రన్‌కూ ఒక ముడి ఉంది. 1945 ఏప్రిల్ చివర జపాన్‌వాళ్లు నడవగలిగిన ఖైదీలను పెగూ వైపు తోలుకుపోయారు, మిగిలినవాళ్లను వదిలేసి వెళ్లిపోయారు. లోపలివాళ్లు కప్పు మీద పెద్దక్షరాలతో వాళ్లు వెళ్లిపోయారని రాశారు. మే 2న 110 స్క్వాడ్రన్ కమాండర్, వింగ్ కమాండర్ సాండర్స్, తన మస్కిటో విమానాన్ని రంగూన్ దగ్గరి మింగలాడన్ రన్‌వే మీద దించి, నడిచి జైలుకు వెళ్లి, నగరంలో జపాన్‌వాళ్లు లేరని నిర్ధారించుకున్నాడు. ఆ నెల 540 మీ జాబితాకు తప్పక తీయండి. గల్లంతైనవాళ్ల గురించి జైల్లోంచి తెలిసిన కబురు ఏదైనా ఉంటే అక్కడ పడి ఉండొచ్చు.

తారీఖు గురించి ఫారం541 గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. ముందు రోజు, తర్వాతి రోజు చాలదు. పట్టుబడ్డ మనిషికి జైల్లో చనిపోయిన తేదీ పడుతుంది, విమానం కూలిన తేదీ కాదు. ఇద్దరిలో ఒకడు ఫిబ్రవరిలో, ఒకడు ఆగస్టులో పోయినట్టు ఉన్నా అది ఒకే విమానం కావచ్చు. ఇక ఏ కబురూ లేనివాళ్లకు ఆరు నెలలు ఆగి, చనిపోయినట్టు భావించి, గల్లంతైన తేదీనే వేశారు. మీ ఇద్దరికీ ఒకే తేదీ ఉందంటే ఈ రెండో రకమే అయ్యుండటానికి ఎక్కువ అవకాశం. చూసినవాళ్ల మాట 541లో దొరికితే ఖాయం చేసుకోవచ్చు.

ఫారం541:

బొల్లారం గారి సవరణ సరైందే, నేను అది చెప్పకపోవడం లోటే. తేదీల వెతుకులాట స్క్వాడ్రన్ నంబర్‌తో కలిపి ఏడాది పొడవునా చేయండి.

ఇంకో సంగతి మర్చిపోయాను. సార్జెంట్‌గా ఉండి తర్వాత ఆఫీసర్ అయినవాళ్లకు రెండు నంబర్లుంటాయి. పాత ఏడంకెలది ఒక కాగితంలో, కొత్త ఆరంకెలది ఇంకో కాగితంలో. లండన్ గెజెట్‌లో ఆ ప్రమోషన్ ప్రకటన వెతికితే రెండూ పక్కపక్కన అచ్చయి ఉంటాయి. సర్వీసు రికార్డులు బ్రిటన్ రక్షణ శాఖ నుంచి నేషనల్ ఆర్కైవ్స్‌కు విడతలుగా మారుతున్నాయి. అర్జీ పెట్టే ముందు ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుందో కాటలాగులో చూసుకోండి, లేకపోతే నెలల తరబడి తప్పు తలుపు దగ్గర నిలబడాల్సి వస్తుంది.

తిర్మల్గిరి:

ఒక ముచ్చట. మీ లిస్టుల ఇక్కడనే చచ్చిపోయినోళ్లు గూడ ఉంటరు గద. బేగంపేటల ట్రైనింగ్ స్కూల్ ఉండె, నంబర్ 1 ఎలిమెంటరీ ఫ్లైయింగ్ ట్రైనింగ్ స్కూల్. బాంబర్ పైలట్ అయ్యేటోడు గూడ మొదలు చిన్న విమానంతోనే నేర్చుకుంటడు. లిబరేటర్లు నడుపుడు నేర్పేటందుకు కోలార్ల 1673 హెవీ కన్వర్షన్ యూనిట్ ఉండె. గసోంటి యూనిట్ల కాగితాలు ఎయిర్ 27ల దొరకయి, ఎయిర్ 29ల చూడున్రి. ఎయిర్ 28 ఏమో స్టేషన్లది.

ఇంకోటి, సికింద్రాబాద్ పాత శ్మశానాలల్ల తిరిగితే అన్ని రాళ్లు దొరకయి. దక్షిణ, తూర్పు ఇండియాల కంటోన్మెంట్ శ్మశానాలల్ల ఉన్న రెండో యుద్ధం సమాధులను 1952ల మద్రాసు నందంబాక్కంల కట్టిన వార్ సెమెటరీకి తీస్కపోయిన్రు, గాడ 856 ఉన్నయి. మొదలు ఏడ పాతిపెట్టిన్రో గ్రేవ్స్ కాగితంల ఉంటది. ఖననం రిజిస్టర్ కావాల్నంటే బ్రిటిష్ లైబ్రరీల ఇండియా ఆఫీస్ రికార్డ్స్, మద్రాసు వరస ఎన్/2. తార్నాక ఆర్కైవ్స్‌ల నిజాం సర్కార్ కాగితాలుంటయి, ఉర్దూ ఒస్తే మంచిగ పనికొస్తయి, గని ఆర్‌ఏఎఫ్ చావుల ఫైళ్లు గాడ ఉండయి.

దహనం చేసిన హిందువులకు, సిక్కులకు సమాధి రాయి ఉండది. ఇంఫాల్ల క్రిమేషన్ మెమోరియల్ ఉన్నది. సింగపూర్ల పేరు లేకుంటే గాడ గూడ చూడున్రి.

కోఠి_మ్యాపులు:

మొదటి యుద్ధం మీ జాబితాలో లేదు గానీ, పేరు వెతుకుతుంటే అవీ తగులుతాయి కాబట్టి చెప్తున్నా. 1918లో 110 స్క్వాడ్రన్ డీహెచ్ 9ఏ విమానాల మీద ‘హైదరాబాద్ నంబర్ ఫలానా’ అని రాసి ఉండేది. అది విమానం నంబర్ కాదు, కానుక నంబర్. ఎఫ్1010 అన్న విమానం మీద ‘హైదరాబాద్ నంబర్ 12ఏ’ అని ఉండేది. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీద దిగిపోయి దొరికింది, ఇద్దరూ ఖైదీలయ్యారు. విమానం బెర్లిన్ మ్యూజియం నుంచి పోలండ్‌కు, అక్కడి నుంచి 1977లో బ్రిటన్‌కు చేరి ఇప్పుడు ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. అప్పటి ఆఫీసర్లకు ఎయిర్ 76, మిగతావాళ్లకు ఎయిర్ 79.

సీతాఫల్‌మండి:

ఏ705 ఫైలు దొరికింది, స్కాన్ ఉంది, శీర్షికలో వెంజెన్స్ నంబర్, తేదీ రెండూ ఉన్నాయి. 541 కూడా దించుకున్నాం. పై వరసలో ఇంకో పైలట్ రాసిన మాట: ఆ విమానం డైవ్‌లోంచి లేవలేదు, లక్ష్యానికి పక్కన నేలను తాకి అంటుకుంది, పారాచూట్లు కనిపించలేదు. ఇక జాబితాలో ఈ ఇద్దరి ఎదురుగా ‘విమానం కూలి మరణించారు’ అని రాసేయొచ్చా?

బొల్లారం_రికార్డు:

రాయొచ్చు, ఎవరు చూశారో కూడా కలిపి రాయండి: ‘అదే దాడిలో ఉన్న మరో పైలట్ సాక్ష్యం, ఫారం 541, తేదీ’. దాని పక్కన ఇంకో గడి పెట్టి ‘శవాలు గుర్తించిన రికార్డు: లేదు’ అని వేయండి. ఏ705 ఆఖరి పేజీల దాకా చదివాకే ఆ గడి నింపండి. 1946 తర్వాత ఎవరైనా ఆ చోటికి వెళ్లి ఉంటే ఆ నివేదిక అక్కడే ఉంటుంది. ఇంజిన్ ప్లేటు నంబర్ కనిపిస్తే దాన్నీ ఎక్కించండి. వెంజెన్స్‌కు ఒక్కటే ఇంజిన్, కాబట్టి ఆ ఒక్క నంబర్‌తో రేపు ఎవరికైనా శకలం దొరికినా ఏ విమానమో చెప్పొచ్చు.

ఆ సార్జెంట్ ఇంటివాళ్లు ఎవరైనా దొరికితే ఫైలు మొత్తం ఒక్కసారే పంపకండి. నివేదికల్లో శవాల వర్ణన ఉండొచ్చు. ఏమేం ఉన్నాయో చెప్పి, ఏది కావాలో వాళ్లనే అడగండి.